అడుగున్నర మాట

1974లో నేను బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాను. క్వార్టర్లీ పరీక్షలో నది మీద ఇంగ్లీషు వ్యాసం రాయమన్నారు. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి కదా, చెలరేగిపోయాను. డిక్షనరీలో ఏరుకున్న పొడుగుపాటి మాటలన్నీ గుచ్చి నాలుగు పేజీలు నింపాను. పేపరు తిరిగొచ్చింది. తప్పులు దిద్దలేదు, మార్కులు కూడా వెయ్యలేదు. మార్జిన్లో ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట: సెస్క్విపెడాలియన్. అది పొగడ్తేమో అనుకున్నాను. లైబ్రరీలో లావుపాటి నిఘంటువు దింపి చూశాక తెలిసింది, పొడుగు మాటల పిచ్చి ఉన్నవాడని. లాటిన్లో అసలు అర్థం, అడుగున్నర పొడవు గలది అని.

ఆ సాయంత్రం నేరుగా ఆవం దగ్గరికి వెళ్లాను. మాకు కాలవ గట్టున ఇటుకల ఆవం ఉండేది. నాన్న నులకమంచం మీద కూర్చుని పచ్చి ఇటుకల వరసలు లెక్కపెట్టుకుంటున్నాడు. "ఏంట్రా, మొహం అలా ఉంది?" అన్నాడు. చెప్పాను. ఆయన మోచెయ్యి ముందుకు చాపి, వేళ్లు నిటారుగా పెట్టి, దానివైపు ఓసారి చూసుకున్నాడు. "అడుగున్నరంటే మూరేగా. మూరెడు మాటలు రాస్తున్నావని అన్నాడన్నమాట. మీ మాస్టారు సరిగ్గానే కొలిచాడ్రా. నీ ఉత్తరాలు నేనూ చదివాను."

మా మాస్టారి మీద కోపం చాలా రోజులు ఉంది. ఆ మాట మీద మోజు మాత్రం ఇప్పటిదాకా పోలేదు. తర్వాత నేనూ ముప్పై ఏళ్లకి పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను, లాటిన్ కొంత నేర్చుకున్నాను, నాన్న చేసిన కొలత ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది.

ముందు మాటని విప్పి చూద్దాం. 'పేస్' అంటే లాటిన్లో పాదం. మన 'పద', 'పాద' దానికి దాయాదులే. ఒకే మూలం నుంచి అటు లాటిన్‌కీ ఇటు సంస్కృతానికీ చీలాయి. 'సెస్క్వి' మాత్రం కాస్త తమాషా అయినది. 'సేమిస్' అంటే సగం, 'క్వె' అంటే 'కూడా', 'మరియు'. రెండూ అరిగి కలిసిపోయి సెస్క్వి అయింది. 'ఇంకో సగం కూడా' అని. ఒకటి అన్న సంగతి పైకి చెప్పరు, అది ఉన్నదనే లెక్క. మన 'అడుగున్నర' కూడా అచ్చం ఇలా కట్టినదే. అడుగున్నూ అరా కలిసి అడుగున్నర. పాతకాలం వాళ్లు 'నువ్వున్నూ నేనున్నూ' అనేవాళ్లే, ఆ న్నూ ఇందులో దాక్కుని ఉంది. మన ఒకటిన్నర, రెండున్నర అన్నీ ఆ అచ్చులోంచి తీసినవే. మా క్లాసులో పిల్లలకి ఈ ఒక్క సంగతి చెబితే సెస్క్విపెడాలియన్ స్పెల్లింగు కూడా గుర్తుండిపోయేది. సెస్క్విసెంటెనియల్ అంటే నూట యాభయ్యో వార్షికోత్సవం అని వాళ్లే చెప్పేసేవారు.

ఇక మూర. రోము వాళ్ల లెక్కలో పాదానికి పదహారు వేళ్ల వెడల్పు. మోచేతి నుంచి మధ్యవేలి కొసదాకా ఉన్న కొలతకి వాళ్ల పేరు 'కుబిటుస్', అది ఇరవై నాలుగు వేళ్లు. అంటే సరిగ్గా పాదమున్నూ సగమున్నూ. మన దేశంలో అర్థశాస్త్రం చెప్పిన హస్తానికి కూడా ఇరవై నాలుగు అంగుళాలే, అక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వెతకాల్సిన పని లేదు, మనిషి చెయ్యి అన్నిచోట్లా ఒకటే. రోమన్ పాదం ఇప్పటి లెక్కలో ఇరవై తొమ్మిదిన్నర సెంటీమీటర్ల పైచిలుకు. అడుగున్నరంటే నలభై నాలుగు. మల్లెపూలు కొలిచే మూర కూడా, బేరం గట్టిగా ఆడితే, అంతే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మాట రోములో మాటల గురించి పుట్టలేదు. ఇటుకల మీద, దుంగల మీద, నేల కొలతల మీద తిరిగిన మోటు మాట. రోమన్ ఇటుకల కొట్టంలో మూడు సైజులు బాగా నడిచేవి. చిన్నది బెస్సాలిస్, పాదంలో మూడింట రెండు వంతులు. పెద్దది బిపెడాలిస్, రెండడుగుల పలక. నడిమిది సెస్క్విపెడాలిస్. పేరు చూసి పొడుగ్గా ఉంటుందనుకునేరు. అది చదరంగా, పలచగా, పెద్ద పీటలా ఉంటుంది. నలభై నాలుగు సెంటీమీటర్ల చదరం, అయిదు సెంటీమీటర్ల మందం వేసుకుని లెక్క కట్టాను. మన తొమ్మిదంగుళాల ఇటుకలు అయిదు ఎత్తితే ఎంత బరువో అంత. మా ఆవంలో కూలీలు మన ఇటుకలు పది నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్లు, కాబట్టి మోయలేని బరువేమీ కాదు. కానీ పచ్చిగా ఉన్నప్పుడు అంత పలకని వంగకుండా తిరగెయ్యడం మాటలు కాదు. ఆ పని చేసినవాళ్లకే నేను దణ్ణం పెడతాను.

విట్రూవియస్ అని ఆగస్టస్ చక్రవర్తి కాలపు ఇంజినీరు. కట్టడాల మీద పది పుస్తకాలు రాసి చక్రవర్తికి అంకితమిచ్చాడు. ఆయన రెండో పుస్తకంలో ఇటుక గురించి రాసింది చదువుతుంటే నాకు నాన్న గొంతు వినిపించింది. ఆయన చెప్పింది ఎక్కువగా ఎండలో ఆరే పచ్చి ఇటుక గురించే. ఇసక మట్టి, గులకరాళ్ల మట్టి పనికిరాదు. వసంతంలోనో శరత్తులోనో కొయ్యాలి, అన్నివైపులా ఒక్కలా ఆరుతుంది. నడి వేసవిలో కోస్తే పైన పెళుసెక్కి ఆరినట్టే కనబడుతుంది, లోపల పచ్చి మిగిలిపోతుంది. తర్వాత ఆ లోపలిది కుంచించుకుంటే బీటలిస్తుంది. గోడ కట్టే ముందు రెండేళ్లు ఆరనివ్వాలట. ఆఫ్రికా తీరాన యుటికా అనే ఊళ్లో అయిదేళ్లు ఆరిందని అధికారి వచ్చి చూసి ఒప్పుకుంటేనే గోడకి ఎక్కనిచ్చేవారట. అయిదేళ్లు! మా నాన్నకి ఈ సంగతి చెబితే, "అన్నాళ్లు పెట్టుబడి ఎవడు పెడతాడ్రా?" అన్నాడు. అధికారి సంగతి మాత్రం ఆయనకి ఆశ్చర్యంగా అనిపించలేదు.

అదే విట్రూవియస్ అయిదో పుస్తకంలో స్నానాల గది ఎలా కట్టాలో చెబుతాడు. అక్కడ దొరుకుతుంది మన మాట, తన సొంత ఇంట్లో, పనిబట్టలతో. రోమన్ స్నానశాలకి నేల కింద ఇంకో నేల ఉండేది. పక్కన కొలిమి మండితే వేడి ఆ రెండు నేలల మధ్య దూరి పై నేలని కాచేది. కింది నేలని అడుగున్నర పలకలతో పరవమంటాడు. ఊరికే పరిస్తే చాలదు, కొలిమి వైపుకి వాటం ఉండాలి. ఆ వాటం ఎలా తెలియాలంటే, లోపలికి ఒక బంతి విసిరితే అది అక్కడ ఆగకుండా దొర్లుకుంటూ తిరిగి కొలిమి నోటి దగ్గరికి రావాలి. అలా ఉంటే మంట దానంతటదే లోపలికి పాకుతుంది. ఆ పలకల మీద చిన్న ఇటుకలు రెండడుగుల ఎత్తు స్తంభాలుగా పేర్చి, వెంట్రుకలు కలిపిన బంకమట్టితో అతికి, పైన రెండడుగుల పలకలు కప్పాలి. మూడు సైజులూ ఒక్క గదిలో. పొడుగు మాటల్ని వెక్కిరించే మాట అని మనం అనుకుంటున్నది అక్కడ ఒంటిమీద బంతి దొర్లించుకుంటూ, మసి కొట్టుకుపోయి, ఎవరికీ కనబడకుండా నేల కింద పడుంది.

గోడల్లోకి వచ్చేసరికి దాని కథ వేరు. చక్రవర్తుల కాలంలో రోము గోడలు లోపలంతా సున్నం, అగ్నిపర్వతపు బూడిద, రాళ్లు కలిపిన కాంక్రీటు. పైకి కనబడే ఇటుక ఒక తొడుగు. దానికి అడుగున్నర పలకని అలాగే వాడేవాళ్లు కాదు. నాలుగు చదరాలు చేసి, ఒక్కోదాన్ని మూలకి మూల కోస్తే ఎనిమిది త్రికోణాలు. రెండడుగుల పలకైతే పద్దెనిమిది. వెడల్పాటి అంచు బయటికి, మొన లోపలికి పెడితే కాంక్రీటుని పట్టేసుకునేది. అడుగున్నరదాన్ని విరగ్గొడితేనే గోడ నిలబడిందన్నమాట. మా మాస్టారు నాతో చెప్పాల్సింది ఈ ముక్క. చెప్పలేదు.

ఇటుకల మీద ముద్రల సంగతి నాకు మరీ ఇష్టం, దానికి సొంత కారణం ఉంది. మా ఆవం ఇటుక మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు పడేవి. ఒక ఏడాది కొత్త అచ్చులు చేయించారు. వడ్రంగి అక్షరాలు కాగితం మీద ఎలా ఉన్నాయో అలాగే చెక్కాడు. అచ్చులో తిరగేసి చెక్కాలన్నది ఆయనకి తట్టలేదు, చూసుకోవలసిన నాకూ తట్టలేదు. ఆ సీజనంతా మా ఇటుకల మీద పేరు అద్దంలో చూసినట్టు పడింది. నాన్న నన్ను ఏమీ అనలేదు కానీ, "చదువుకున్నవాడు దగ్గరుండి చూశాడు మరి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. రోమన్ ముద్రల ఫోటోలు చూస్తుంటే అక్కడక్కడా తిరగబడిన అక్షరాలు కనబడ్డాయి. రెండువేల ఏళ్లనాటి వడ్రంగి కూడా అంతే. నాకెంత ఊరటో!

ఆ ముద్రలు ఎక్కువగా ఈ పెద్ద పలకల మీదే పడేవి. గుండ్రంగా, సీలులా. మట్టి ఎవరి భూమిలోది, ఏ కొట్టం, పని చేయించిన మేస్త్రీ ఎవరు, ఒక్కోసారి ఆ ఏడాది కాన్సుల్స్ ఎవరు అన్నవి అందులో ఉండేవి. కాన్సుల్స్ పేరే వాళ్లకి సంవత్సరం పేరు. పీటినస్, అప్రోనియానస్ కాన్సుల్స్‌గా ఉన్న ఏడు, అంటే క్రీ.శ. 123, పేరుతో ఇటుకలు కుప్పలుగా దొరుకుతాయి. ఈ ముద్రల్ని హైన్రిఖ్ డ్రెసెల్ అనే జర్మన్ పండితుడు పోగుచేసి 1891లో అచ్చు వేయించాడు. తర్వాత హెర్బర్ట్ బ్లాఖ్ వాటిని పట్టుకునే రోములో ఏ కట్టడం ఎప్పటిదో తేల్చుకుంటూ వెళ్లాడు. శాసనాల్లో రాజులు అబద్ధాలు చెప్పొచ్చు, ఇటుక చెప్పదు. ముద్రల్లో ఆడవాళ్ల పేర్లు కూడా చాలా కనబడతాయి. అందరిలోకీ పెద్ద ఆసామి డొమీషియా లూసిల్లా. టైబర్ నది పక్క బంకమట్టి భూములకి వారసురాలు. ఆమె కొట్టాల ఇటుకలు పడవల మీద రోము చేరేవి. ఆమె కొడుకే మార్కస్ ఆరేలియస్, తత్వవేత్త అని మనం చదువుకునే చక్రవర్తి. తల్లి పోయాక ఆ ఇటుకల వ్యాపారం ఆయన చేతికే వచ్చింది. ఇటుకల ఆసామి కొడుకు పుస్తకాలు రాయడం లోకంలో కొత్తేమీ కాదని మా ఇంట్లో నేను చెప్పుకునేవాణ్ణి.

పని చేసినవాళ్ల పేర్లు అంత తేలిగ్గా దొరకవు. దొరికినవి మాత్రం వదిలిపెట్టవు. లండన్‌లో దొరికిన ఒక పలక మీద, పచ్చిగా ఉండగా ఎవరో పుల్లతో గీకారు: ఆస్టాలిస్ పదమూడు రోజులుగా రోజూ తన మానాన తను తిరుగుతున్నాడని. మస్టరు రోల్ లేని చోట ఇదే మస్టరు. మా ఆవంలోనూ సంక్రాంతికి వెళ్లినవాళ్లు శివరాత్రికి వచ్చేవాళ్లు. నాన్న దాన్ని గోడ మీద బొగ్గుతో రాసేవాడు.

ఇటలీలో పియెట్రాబ్బొండాంటే అనే కొండ ఊరి గుడి పైకప్పు పెంకు ఇంకొకటి ఉంది. క్రీస్తుకి ముందు వందేళ్ల ప్రాంతానిది. దాని మీద రెండు జతల చెప్పుల గుర్తులు, పక్కన రెండు భాషల్లో రాతలు. ఒకటి లాటిన్, ఒకటి ఆ ప్రాంతపు ఆస్కన్. లాటిన్ ఎడమనుంచి కుడికి, ఆస్కన్ కుడినుంచి ఎడమకి. ఇద్దరూ బానిస స్త్రీలు, ఒకే యజమాని మనుషులు. ఒకామె పేరు అమీకా, ఇంకొకామె డెత్‌ఫ్రి. పెంకు పెడుతున్నప్పుడు ముద్ర వేశామని రాశారు. అధికారుల ముద్ర సీలుతో పడితే వీళ్లది కాలితో పడింది. నేను ఆ ఫోటోని చాలాసేపు చూశాను. చెప్పుల మడమలు చిన్నవి. తడి పెంకు మీద నిలబడితే మేస్త్రీ తిడతాడని తెలియదా వాళ్లకి? తెలుసు.

ఇక హోరేస్. ఈ మాటని ఇటుకల కొట్టంలోంచి కవిత్వంలోకి మోసుకొచ్చినవాడు. క్రీ.పూ. 65లో దక్షిణ ఇటలీలో వెనూసియాలో పుట్టాడు. తండ్రి బానిసత్వం నుంచి విడుదలైన మనిషి, వేలంపాటల్లో డబ్బు వసూలు చేసే పని. కొడుకుని రోము తీసుకెళ్లి పెద్ద చదువు చెప్పించాడు. ఆ సంగతి హోరేస్ దాచుకోలేదు, తండ్రి గురించి గర్వంగా రాసుకున్నాడు. కవిత్వం ఎలా రాయాలో చెప్పిన పద్యలేఖలో నాటకాల ప్రస్తావన వస్తుంది. రాజులే అయినా టెలిఫస్, పీలియస్‌ల్లా బీదరికంలో, ప్రవాసంలో ఉన్నప్పుడు, చూసేవాడి గుండె కరగాలంటే, ఉబ్బిన బుడ్డీల్లాంటి మాటల్నీ అడుగున్నర మాటల్నీ అవతల పారెయ్యాలంటాడు. ఏడ్చేవాడు సమాసాలు వాడడు అన్నమాట.

'పేస్' అంటే వాళ్లకి కూడా పద్యంలో కొలత. మనకి పాదం అంటే పద్యంలో ఒక వరస. వాళ్లకి పాదం అంటే మన గణం లాంటిది. హోరేస్ చెణుకు అక్కడుంది. 'సెస్క్విపెడాలియ' అన్న మాటకి గురులఘువులు వెయ్యండి: గురువు, లఘువు, లఘువు, మళ్లీ గురువు, లఘువు, లఘువు. రెండు భగణాలు. అడుగున్నర అని చెప్పుకునే మాట పద్యంలో నిండా రెండడుగులు తినేస్తోంది! పైగా ఆరు గణాల ఆ చరణంలో అది కూర్చున్నది నాలుగో, అయిదో స్థానాల్లో. మన ఉత్పలమాల చూడండి, భరనభభరవ. నాలుగూ అయిదూ భగణాలే. ఇది కాకతాళీయమే, ఇందులో రహస్యమేమీ లేదు. అయినా మొదటిసారి వేళ్లమీద లెక్కపెట్టుకున్న రోజు నాకు అన్నం తినబుద్ధి కాలేదు.

హోరేస్ విట్రూవియస్ పుస్తకం చదివాడని నేననను. చదవక్కర్లేదు. ఆ కాలపు రోములో ఎటు చూసినా కట్టుబడే. తాపీవాళ్ల నోట రోజూ నలిగే కొలత మాట అది. మనవాడు బారెడు పొద్దెక్కింది అన్నట్టు ఆయన అడుగున్నర మాట అన్నాడు. చదివినవాడికి వెంటనే చేతిలో బరువు తెలిసేది. ఇంగ్లీషులోకి దిగుమతి అయినప్పుడు పోయింది ఆ బరువే.

దిగుమతి పదిహేడో శతాబ్దంలో. అప్పటికి ఇంగ్లీషువాళ్లు లాటిన్ మాటల్ని బస్తాలకొద్దీ దించుకుంటున్నారు. రాబర్ట్ కాడ్రీ 1604లో అచ్చువేసిన మొదటి ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు మామూలు మాటల కోసం కాదు, ఆ కఠిన పదాల కోసం; రెండున్నర వేల మాటలు. అలాంటి గుంపులో మన మాట కూడా చొరబడింది. చొరబడి తన సాటి మాటల్నే వెక్కిరించింది. ఇటుక అర్థం వెనక్కిపోయి వెక్కిరింతే మిగిలింది. 1910లో హెచ్.జి. వెల్స్ రాసిన మిస్టర్ పాలీ నవల్లో నాయకుడు బట్టల కొట్టు మనిషి. పెద్ద మాటలంటే వల్లమాలిన ప్రేమ, పలకడం రాదు. ఈ మాటని కూడా ఆయన నమిలి నమిలి వేరే రూపంలో ఉమ్మేస్తాడు. వెల్స్ కూడా చిన్నప్పుడు బట్టల కొట్టులో పని నేర్చుకున్నవాడే. కొలతలు వేసే చేతుల్లోకే మాట తిరిగొచ్చిందని నాకు ముచ్చటగా ఉంటుంది.

సెస్క్వి మాత్రం సైన్సులో బతికే ఉంది. ఇనుము పరమాణువులు రెండుంటే ఆక్సిజన్ పరమాణువులు మూడు, అంటే ఒకటికి ఒకటిన్నర. దాన్ని సెస్క్వి ఆక్సైడ్ అంటారు. వ్యవసాయ కళాశాలలో మట్టి గురించి చదివిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. మన ఎర్రమట్టికి ఆ ఎరుపు దానివల్లే. ఆవంలో కాలిన ఇటుకకీ అంతే. మా అచ్చులోంచి నల్లగా దిగిన గోదావరి ఒండ్రు, ఊక మంటలో ఎర్రగా తిరిగేది. ఇరవై ఏళ్లపాటు నాన్న అమ్మినది ఆ సెస్క్విని అని ఆయనకి నేను చెప్పేసరికి ఆవం ఎత్తేశాం.

మన దగ్గర ఇటుక ఎప్పుడూ ఇంత చిన్నది కాదు. తొమ్మిదంగుళాలంటే జానెడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు స్తూపాలు, విహారాలు కట్టిన ఇటుక ఇరవై అంగుళాల పొడవు, పదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. మూర దాటి రెండంగుళాలు. పదిహేనేళ్ల కిందట లాంచీలో ఆ దీవికి వెళ్లినప్పుడు, సాగర్ నీళ్లలో మునగకుండా పైకి తెచ్చి మళ్లీ పేర్చిన కట్టడాల దగ్గర నిలబడి, ఇటుక పక్కన గాలిలో మోచెయ్యి ఆనించి చూశాను. నా మధ్యవేలి కొస దాటి ఇంకా ఉంది. కాపలా ఆయన, "ముట్టుకోకండి సార్" అన్నాడు. ముట్టుకోలేదు, కొలిచానంతే అన్నాను.

మీ పిల్లలు ఇటలీ వెళ్తుంటే ఒక మాట చెప్పి పంపండి. రోము పక్కనే ఓస్టియా అని పాత రేవు పట్నం ఉంది. అక్కడ స్నానశాలల్లో నేల విరిగిన చోట లోపలికి వంగి చూడమనండి. చిన్న స్తంభాల కింద పరిచిన చదరపు పలకలు కనబడితే దూరం నుంచే ఒక మూర వేసి చూడమనండి. సరిపోతే నాకో ఫోటో పంపమనండి.